ఒకే దేశానికి మూడు బీపీలు

మన దేశంలో 20 ఏళ్ళు దాటినవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉందని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. జనాభాతో లెక్కగడితే 31.5 కోట్ల మంది. అప్పటినుంచి బీపీ మీద ఎవరు ఏం రాసినా ఆ అంకెతోనే మొదలు. అంతకుముందున్న అంకెలు ఏమయ్యాయని అడిగినవారు తక్కువ.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్ళు పైబడ్డ మహిళల్లో 21.3 శాతానికి, పురుషుల్లో 24 శాతానికి బీపీ ఎక్కువ. 2017-18లో అసాంక్రమిక వ్యాధుల జాతీయ సర్వే 18-69 ఏళ్ళవారిలో 28.5 శాతం అంది. మూడు సర్వేలకూ గీత ఒక్కటే: 140/90, లేదా అప్పటికే మాత్ర వేసుకుంటూ ఉండటం. గీత ఒకటైనప్పుడు ఇంత ఎడం ఎందుకు?

వయసు తేడా వల్లనేనని ఇండియాబ్ పక్షంవారు అనవచ్చు. టీనేజి పిల్లల్ని కలిపితే శాతం తగ్గుతుంది, నిజమే. కానీ అసలు కిటుకు చేతికి పట్టీ చుట్టి బీపీ కొలిచే తీరులో ఉంది.

సర్వే బృందం గడపలోకి వస్తుంది. పొలం నుంచో పంపు దగ్గర్నుంచో పిలిపించిన మనిషిని కుర్చీలో కూర్చోబెడతారు. చుట్టూ ఇరుగుపొరుగు. యంత్రం గుర్రుమంటూ చేతిని బిగిస్తుంటే ఎవరి గుండె నిబ్బరంగా కొట్టుకుంటుంది? అందుకే మొదటి రీడింగు తరచు ఎక్కువ వస్తుంది, రెండోది కాస్త దిగుతుంది, మూడోది ఇంకాస్త. కుటుంబ ఆరోగ్య సర్వే అయిదేసి నిమిషాల ఎడంతో మూడుసార్లు కొలిచి, మొదటిదాన్ని పక్కనబెట్టి, చివరి రెండింటి సగటు తీసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘స్టెప్స్’ పద్ధతిలోనూ చివరి రెండింటి సగటే. ఇండియాబ్ కొలిచింది రెండుసార్లు. సగటులో మొదటిది కూడా ఉంది. అంచున ఉన్న మనిషిని 138 నుంచి 142కి నెట్టడానికి ఆ ఒక్క రీడింగు చాలు. దేశంలో అంచున ఉన్నవారు కోట్లలో ఉంటారు.

కాలం సంగతి మరొకటి. ఇండియాబ్ క్షేత్రసేకరణ 2008 అక్టోబరులో మొదలై 2020 డిసెంబరులో ముగిసింది. తమిళనాడు, మహారాష్ట్ర తొలి విడతలోనే అయిపోయాయి. పన్నెండేళ్ళ పొడవునా రాష్ట్రానికొకప్పుడు తీసిన కొలతలను ఒకే సగటులో పోసి, దాన్ని 2021 జనాభాకు అంటగట్టడం ఏ శాస్త్రం?

పద్ధతి అంకెను ఎంత మార్చగలదో అమెరికా 2017లోనే చూపింది. అక్కడి హృద్రోగ నిపుణుల సంఘాలు గీతను 130/80కి దించగానే అధిక రక్తపోటున్న పెద్దల వాటా 32 శాతం నుంచి 46కి ఎగబాకింది. ఒక్కరి రక్తనాళం కూడా ఆ రోజు కొత్తగా బిగుసుకోలేదు.

మూడు రీడింగుల లెక్కను నమ్మినా తెలుగువారికి ఊరట లేదు. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 25.3, పురుషుల్లో 29 శాతం; తెలంగాణలో 26.1, 31.4. నాలుగూ జాతీయ సగటును మించినవే. ఊరగాయల ఉప్పు మీదికి నేరం తోసేయడం మనకు అలవాటు గానీ ఈ సర్వే ఉప్పును కొలవలేదు.

ఇండియాబ్ అంకె చేసిన అసలు నష్టం వేరు. ఎంతమందికి ఉందన్న పందెంలో పడి, ఉన్నవారిలో ఎంతమందికి అదుపులో ఉందన్నది మరుగైంది. 2017-18 సర్వేలో బీపీ ఉన్నవారిలో తమకు ఉందని తెలిసినవారు 27.9 శాతమే. చికిత్సలో ఉన్నవారు 14.5, అదుపులో ఉన్నవారు 12.6. అంటే మందు దాకా చేరినవారిలో ఎక్కువమందికి అది పనిచేస్తోంది, చేరకపోవడమే జబ్బు. కాబట్టి మరో లక్షమంది చేతులకు పట్టీ చుట్టించే డబ్బుతో ఉపకేంద్రాల్లో బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ఏడాది పొడవునా నిండుకోకుండా చూడాలి. ఇక 35.5 శాతాన్ని ఉటంకించే పరిశోధకులు దాని పక్కనే ఎన్ని రీడింగుల సగటో, ఏ ఏటిదో కూడా రాయాలి.