ఇల్లినాయ్ పింఛను లోటు

1974లో అమెరికా కాంగ్రెసు పింఛనుల రక్షణకై శాసనము నిర్మించినప్పుడు ప్రైవేటు సంస్థల నిధులను మాత్రమే దాని క్రిందికి దెచ్చి, రాష్ట్ర ప్రభుత్వముల నిధులను వెలుపలనే విడిచెను. ప్రభుత్వము తన మాట తానే నిలుపుకొనుననుకొన్నారు కాఁబోలు! ఇల్లినాయ్ రాష్ట్రమైతే, తన ఉద్యోగుల పింఛను తగ్గింపరానిదని 1970 నాఁటి రాజ్యాంగములోనే వ్రాసికొన్నది; వ్రాసిన చేతితో సొమ్ము మాత్రము చాలినంత వేయలేదు. 1994లో చేసిన చట్టము, 2045 నాఁటికి నూటికి 90 పాళ్ళు నిధి కూర్పవలెనని విధించుచునే, తొలి 15 ఏండ్ల వాయిదాలను తేలికగా మొదలిడి మెట్టుమెట్టుగా పెంచుకొనిపోవునట్లు అమర్చుటచేత, ఆనాఁటి శాసనసభ్యుల బరువు ఇంకను ఎన్నికకాని వారి నెత్తి కెక్కినది. లోటు పెరుగుటకు ఆ చట్టపు కూర్పే కారణమన్న సంగతిని 2005-2009 నడుమ బాండ్లు కొన్నవారికి సరిగా తెలుపలేదని 2013 మార్చిలో అమెరికా సెక్యూరిటీల కమిషను అభియోగము మోపఁగా, రాష్ట్రము తప్పొప్పుకొనకయు కాదనకయు రాజీపడెను. జరిమానా లేదు! ఆ డిసెంబరులోనే, విశ్రాంతోద్యోగి పింఛనుపై ఏటేటా చక్రవృద్ధిగా చేరు నూటికి 3 పాళ్ళ పెంపును కోయఁబూని చేసిన చట్టమును, 1970 నాఁటి ఆ యొక్క వాక్యమునే చూపి, రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 2015 మే నెలలో ఏకగ్రీవముగా కొట్టివేసినది.