సైట్ సూపరింటెండెంటు

సైట్ సూపరింటెండెంటు అనగా వాణిజ్య భవనాల నిర్మాణ స్థలంలో రోజువారీ పని మొత్తాన్ని కాంట్రాక్టరు తరఫున నడిపించే బాధ్యుడు. నక్షా గీసేది ఆర్కిటెక్టు, ఇనుము లెక్క కట్టేది స్ట్రక్చరల్ ఇంజనీరు, డబ్బు పెట్టేది యజమాని. ఆ నక్షాను ఏ రోజున, ఏ వరుసలో, ఎంతమంది చేత భవనంగా మార్చాలో నిర్ణయించేది సూపరింటెండెంటు. ఈ పేరు అమెరికాలో ఎక్కువగా వాడుకలో ఉన్నది. హైదరాబాదులో ఇదే పని చేసేవారిని సైట్ ఇన్‌ఛార్జి, సైట్ ఇంజనీరు అని వ్యవహరిస్తారు. ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలలోని సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్.ఇ.) వేరు. ఆయన ఒక సర్కిల్ మొత్తానికి అధికారి, ఒక్క సైటుకు పరిమితమైనవాడు కాడు.

చరిత్ర

హైదరాబాదులోని కోఠి ప్రాంతానికి ఆ పేరు తెచ్చిన బ్రిటిష్ రెసిడెన్సీ భవనం 1803-1806 మధ్యకాలంలో నిర్మించబడింది. అప్పటి రెసిడెంటు జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్. మద్రాసు ఇంజనీర్లకు చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్ దీనికి రూపకల్పన చేసి, నిర్మాణాన్ని కూడా తానే పర్యవేక్షించాడు. అంటే ఆ కాలంలో రూపకర్త, పర్యవేక్షకుడు ఒక్కరే. ఈ భవనం ప్రస్తుతం చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది.

1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరంలో రోడ్లు, ఇళ్ళు, బజార్లు నిర్మించింది. ఏడవ నిజాం కాలంలో గ్రానైటు రాతితో కట్టిన మొజంజాహి మార్కెట్ (1935) ఈ ప్రాంతపు వాణిజ్య నిర్మాణాలలో ప్రసిద్ధమైనది. కాంక్రీటుతో బహుళ అంతస్తుల భవనాలు పెరిగిన తరువాత నక్షా గీసే పని, సైటు నడిపే పని వేరువేరు వృత్తులుగా స్థిరపడ్డాయి.

విధులు

సూపరింటెండెంటు దినచర్య కూలీల హాజరు పట్టీతో మొదలవుతుంది. సెంట్రింగు, ఇనుము కట్టుడు, తాపీ, ప్లంబింగు, ఎలక్ట్రికల్ పనులకు వేరువేరు మేస్త్రీలు ఉంటారు. వారి వరుస తప్పకుండా చూడడం సూపరింటెండెంటు పని. స్లాబు పోసేలోగా ఎలక్ట్రికల్ పైపులు పరచకపోతే తరువాత స్లాబును చెక్కవలసి వస్తుంది.

కాంక్రీటు పోసిన తరువాత లోపల ఏమున్నదో కనబడదు. అందువలన పోయక ముందే చువ్వల సంఖ్య, వాటి మధ్య దూరం, కవరు బ్లాకులు సరిచూడాలి. పిల్లరుకు 40 మిల్లీమీటర్లు, పునాదికి 50 మిల్లీమీటర్లు కనీస కవరుగా ఉండాలి. కవరు తగ్గితే చువ్వలకు త్వరగా తుప్పు పడుతుంది. పోసే సమయంలో 150 మిల్లీమీటర్ల ఘనాలను నమూనాగా తీసి 28 రోజుల తరువాత పరీక్షకు పంపుతారు. పోసిన స్లాబుకు సాధారణ సిమెంటయితే కనీసం 7 రోజులు నీళ్ళు పట్టాలి.

సెంట్రింగు విప్పే గడువు

సూపరింటెండెంటు తీసుకునే నిర్ణయాలలో అత్యంత కీలకమైనది సెంట్రింగు విప్పడం. పోసిన మరునాటికే స్లాబు గట్టిగా కనిపించినా, దాని బలం క్రమంగా పెరుగుతుంది. ఐ.ఎస్. 456:2000 ప్రమాణం ప్రకారం 4.5 మీటర్ల వరకు వెడల్పున్న స్లాబు కింది ప్రాపులను 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీములకు 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21 రోజులు గడువు. ఇవి సాధారణ పోర్ట్‌లాండు సిమెంటుకు వర్తిస్తాయి. ఇతర రకాల సిమెంటు వాడినప్పుడు ఈ గడువును తగినట్లు మార్చుకోవాలి.

సెంట్రింగు సామగ్రి చాలావరకు అద్దెకు తెచ్చేది. పై అంతస్తుకు అదే సామగ్రి కావలసి ఉంటుంది. ఆలస్యమైన ప్రతిరోజూ కాంట్రాక్టరుకు ఖర్చే. పైగా కొత్త స్లాబు బరువు కింది అంతస్తు మీద పడుతున్నంత కాలం అక్కడి ప్రాపులను కదల్చరాదు. సూపరింటెండెంటుకు జీతమిచ్చేది కాంట్రాక్టరే అయినా, గడువు తీరక ముందు విప్పవద్దని అతనికి చెప్పవలసినది కూడా సూపరింటెండెంటే. ఈ వృత్తిలోని ప్రధానమైన ఇబ్బంది ఇదే.

కోఠి, ఆబిడ్స్ ప్రాంతంలో ప్రత్యేక సమస్యలు

కోఠి, సుల్తాన్ బజార్, ఆబిడ్స్, నాంపల్లిలలో ఖాళీ స్థలాలు తక్కువ. పాత దుకాణాన్ని కూల్చి ఆ చోటనే కాంప్లెక్సు కడతారు. ఇరుపక్కల గోడలు ఆనుకొని ఉండడం వలన సెల్లారు తవ్వేటప్పుడు పొరుగు భవనపు పునాది కింద మట్టి జారే ప్రమాదమున్నది. కింద గ్రానైటు రాయి తగిలితే పాత ఇళ్ళ పక్కన పేల్చడం అపాయకరం కనుక బ్రేకరుతో పగలగొడతారు. ఇందుకు ఎక్కువ రోజులు పడుతుంది.

ఇసుక, కంకర, ఇనుము లారీలు సాధారణంగా రాత్రివేళ వస్తాయి. రెడీమిక్స్ కాంక్రీటును లోడు చేసినప్పటి నుండి సుమారు 2 గంటలలోపు దించాలి. లారీ ట్రాఫిక్కులో చిక్కుకుంటే, గడ్డకడుతున్న కాంక్రీటుకు నీళ్ళు కలిపి వాడే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. దీనివలన బలం తగ్గుతుంది. అటువంటి లోడును తిప్పి పంపవలసినవాడు సూపరింటెండెంటు. ఈ ప్రాంతానికి ఒక సౌకర్యం కూడా ఉన్నది. ఎలక్ట్రికల్, శానిటరీ సామాన్లకు పేరొందిన ట్రూప్ బజార్ కోఠి పక్కనే ఉన్నది.

భద్రత, చట్టాలు

2016 డిసెంబరు 8 రాత్రి హైదరాబాదులోని నానక్‌రామ్‌గూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది మరణించారు. కూలీలు తాము కడుతున్న భవనంలోనే కుటుంబాలతో నివసించే పద్ధతి ఇటువంటి ప్రమాదాలలో ప్రాణనష్టాన్ని పెంచుతుంది.

భవన నిర్మాణ కార్మికుల కొరకు 1996లో ప్రత్యేక కేంద్ర చట్టం వచ్చింది. దీనిని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో విలీనం చేశారు. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం 250 లేదా అంతకు మించి కార్మికులున్న నిర్మాణాలకు భద్రతాధికారి అవసరం. ఒక చిన్న వాణిజ్య భవనం పనిలో అంతమంది ఉండరు. అక్కడ హెల్మెట్లు, బెల్టులు, లిఫ్టు గుంతల చుట్టూ అడ్డుకట్టలు చూసే బాధ్యత కూడా ఆచరణలో సూపరింటెండెంటు మీదనే పడుతుంది.

అర్హతలు

సివిల్ ఇంజనీరింగులో డిప్లొమా లేదా పట్టా పొందినవారు సైట్ ఇంజనీరుగా చేరి, కొన్నేళ్ళ అనుభవంతో ఈ స్థాయికి వస్తారు. మేస్త్రీగా మొదలై ఎదిగినవారు కూడా ఉన్నారు. 1998లో హైదరాబాదులో స్థాపించబడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) నిర్మాణ రంగంలో శిక్షణ ఇస్తున్నది. నక్షా చదవడం, రసమట్టం, తూకం గుండు వాడకం తెలియడంతో పాటు తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడగలగడం ఇక్కడ అవసరం. ఒకప్పుడు నగరంలోని నిర్మాణాలకు పాలమూరు కూలీలు ప్రధానాధారం. తరువాత ఒడిషా, బీహారు, పశ్చిమ బెంగాల్‌ల నుండి వచ్చేవారు పెరిగారు.

ఇవి కూడా చూడండి

కోఠి
మొజంజాహి మార్కెట్
కాంక్రీటు