రొట్టెలు – రాజుల కథలు

మొన్న ఆదివారమున నానక్‌రామ్‌గూడలోని మా ఇంట మధ్యాహ్న భోజనమునకు నా మనుమరాలు ఒక క్రొత్త రొట్టె చేసినది. మైదాపిండిలో ఉప్పును, ఈస్టును కలిపి పిసికి, పొంగనిచ్చి, గాజులవలె గుండ్రముగ చుట్టినది. వానిని మొదట మరుగునీటిలో వేసి ఇరుప్రక్కల నొక్కొక్క నిమిషము ఉడికించి, పిమ్మట ఓవెనులో కాల్చినది. దీనికి బేగెల్ అని పేరు.

"ఉడికినదాన్ని మళ్ళ కాలుస్తవా బిడ్డా? ఇదేం వంట?" అని నా భార్య కంచమును ప్రక్కకు జరిపినది. పిల్ల మొగము చిన్నబోయినది.

నాకు నవ్వు వచ్చినది. ఆమె నిత్యము చేయు జొన్నరొట్టె మాత్రము మరి యెట్టిది? జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు జిగురు లేదు. చన్నీటితో కలిపినచో తట్టునప్పుడే పగులును. అందుచేత ఎసరు కాచి పిండిలో పోయుదురు. ఆ వేడికి పిండి కొంత ఉడికి బంకయై నిలుచును. ఆ తరువాతనే పెనము. బేగెల్ నందు ఆ ఉడుకు పైపొరకే పరిమితము. ఆ పొర ముందుగ గట్టిపడుటచే రొట్టె ఓవెనులో మిక్కిలి ఉబ్బక, పైన నిగనిగలాడుచు, లోపల దిట్టముగ నుండును.

ఇది యూదుల రొట్టె. పోలండు దేశమున దీనిని గూర్చి ఒక రాజు కథ కలదు. 1683లో తురుష్కులు వియన్నా నగరమును ముట్టడింపగా, పోలండు రాజు యాన్ సోబియెస్కీ అశ్వదళముతో వచ్చి వారిని ఓడించెను. కృతజ్ఞుడైన యొక రొట్టెలవాడు ఆయన గుఱ్ఱపు రికాబు ఆకారమున రొట్టె చేసి అర్పించెనట. కథ సొంపుగా నున్నది గాని, అంతకు 73 సంవత్సరములకు ముందే, 1610లో, క్రాకో నగరపు యూదుల కట్టుబాట్లలో ఈ రొట్టె పేరు వ్రాయబడి యున్నది. అచ్చట రాజు లేడు, యుద్ధము లేదు. బిడ్డ పుట్టినప్పుడు ఇచ్చు కానుకల నడుమ దాని పేరు వచ్చినది.

మన హైదరాబాదు కుల్చాకును ఇట్టి కథయే అంటుకొన్నది. ఔరంగాబాదులోని సూఫీ గురువు హజ్రత్ నిజాముద్దీన్, మొదటి నిజాముకు కుల్చాలు పెట్టగా ఆయన ఏడు తినెననియు, నీ వంశము ఏడు తరములు ఏలునని గురువు పలికెననియు చెప్పుదురు. ఆసఫ్‌జాహీల పసుపు జెండా నడిమి గుండ్రని గుర్తు ఆ కుల్చాయే యని వాడుక. లెక్క చూతము. 1724 మొదలు 1948 వరకు గద్దె నెక్కినవారు పదుగురు. 1748కిని 1762కిని నడుమ ఏలిన నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్‌లను నిజాముల వరుసలో చేర్చుట వాడుక గాదు. వారిని విడిచినచో ఏడుగురు. తరములు లెక్కించినను ఏడే. ఫలితము తెలిసిన పిమ్మట సరిచూచుకొన్న జోస్యమువలె ఇది నాకు తోచుచున్నది. పెద్దలు నన్ను మన్నింతురు గాక.

ఈ కథలలో రాజు తినును, గురువు దీవించును. తెల్లవారుజామున పిండి పిసికినవాని ఊసు లేదు. తందూరు గోడకు పిండి నంటించుటకు చేతిని నిప్పుల సెగలోనికి చాపవలెను. పురానీ హవేలీ చెంత 1851లో వెలసిన మున్షీ నాన్ దుకాణము పేరు కొంత మేలు. మున్షీ యనగా వ్రాతగాడు, రాజు గాడు.

బేగెల్‌ను సముద్రము దాటించినవారును రాజులు గారు. పందొమ్మిదవ శతాబ్ది చివర తూర్పు ఐరోపానుండి వలసపోయిన పేద యూదులు దానిని న్యూయార్కునకు కొనిపోయిరి. అచ్చటి రొట్టెల పనివారు సంఘము కట్టుకొని, చేతితో చుట్టు ఆ విద్యను తమ బిడ్డలకే నేర్పుచుండిరి. 1960ల దశకమున చుట్టు యంత్రము వచ్చి వారి పట్టు సడలించినది. నేడు గాజు మేడల నడుమనున్న మా వీధికి అది పనివారితో గాక, మనుమరాలి చేతి ఫోనులో వచ్చినది.

ఇదంతయు నేను చెప్పుచుండగా నా భార్య మాటాడలేదు. పురిటింటి కానుక యను మాట దగ్గర మాత్రము, "బాలింతకు పెట్టేదా?" అని అడిగినది. ఒక రొట్టెను తుంచి చూచి, మనుమరాలిని పిలిచి, "గిది జొన్నపిండితోని అయితదా?" అన్నది. కాదని పిల్ల చెప్పినది. జొన్నకు ఆ సాగుడు లేదుగదా. సగము గోధుమ కలిపి చూతమని ఇద్దరును లేచి వంటింటిలోనికి పోయిరి.