మన గోదావరి మీద ఒక బందర్‌గాహ్

జుగ్రాఫియా పాఠంలో బందర్‌గాహ్ అనే మాట రాగానే మా పిల్లలు బొంబాయి, మద్రాసు, విశాఖ అని చెప్పేస్తారు. ఒకసారి ఒక అబ్బాయి లేచి, "సార్, మన దగ్గర లేదా?" అన్నాడు. ఉండేది బాబూ. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న దుమ్ముగూడెమే అది.

1860లో నిజాం సర్కారు భద్రాచలం తాలూకాను ఇంగ్లీషువారికి అప్పగించింది. అవతలి ఒడ్డు మాత్రం 1948 దాకా నిజాం కిందే ఉంది. అంటే పడవెక్కి ఏరు దాటితే రాజ్యం మారిపోయేదన్నమాట! ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు ఒకటే పట్టుదల. నాగపూరు, బేరారు పత్తిని ఈ నది మీదుగా సముద్రానికి దింపాలి, తీరం ఉప్పును పైకి పంపాలి. కానీ దారిలో దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర రాతి అడ్డులున్నాయి. మొదటి అడ్డు దగ్గర హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. లాకు అంటే ఏమీ లేదు, పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి నీళ్లు వదులుతారు, పడవ మెట్టెక్కినట్టు పైకి లేస్తుంది.

ఆ రోజుల్లోనే ఆఫ్రికాలో లివింగ్‌స్టన్ దొర జాంబేజీ నదిలో స్టీమరు వేసుకుపోయి, 1858లో టేటే అనే చిన్న రేవు పట్నానికి పైన ఇలాంటి రాళ్ల దగ్గరే ఆగిపోయాడు. ఇక్కడ రాళ్లను జయించవచ్చనే అనుకున్నారు. 1861-65లో అమెరికా అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది గదా, అందుకని ఆశ ఇంకా పెరిగింది.

ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. నదికి వరద నెలల్లోనే బలం, రైలుకు పన్నెండు నెలలూ ఒకటే. మాలు ఎటు పోతుందో వ్యాపారికి వేరే చెప్పాలా? 1871లో పనులు ఆపేశారు. కాటన్ లెక్క తప్పని నేననను, ఆలస్యమైంది అంతే.

అయినా నది ఖాళీగా లేదు. టేకు, వెదురు తెప్పలు కట్టి రాజమండ్రికి దింపేవారు, భద్రాచలం యాత్రికులు అక్కడినుంచి లాంచీల్లో వచ్చేవారు. 1965లో భద్రాచలం వంతెన వచ్చాక ఆ రద్దీ లారీలకు, బస్సులకు మళ్లింది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం అక్కడే ఉంది. ఆ అబ్బాయిని, వాళ్ల తరగతిని ఒక ఆదివారం తీసుకుపోయి చూపించాను. "సార్, పడవలేవీ?" అన్నాడు.