భామ అంటే కోపగత్తె

విజయవాడ ఆటోనగర్ పేరులో ఒక మాట తెగిపోయి ఉంది. ఆటోమొబైల్‌లోంచి మొబైల్‌ను ఎప్పుడో ఊడదీసి పక్కన పడేశారు. మిగిలిన ఆటోకి వెనక నగర్ తగిలించి, ముందు జవహర్ అని ఒక పెద్దాయన పేరు పెట్టి బోర్డు కట్టారు. (ఊడదీసిన ఆ మొబైలే తర్వాత ఫోనై అందరి జేబుల్లోకీ దూరింది. అది వేరే కథ.)

సగం మాట తీసేసి మిగతా సగంతో పని నడుపుకోవడం మన మెకానిక్కులు కనిపెట్టిన విద్యేం కాదు. సమాసంలో ముందు మాట పోయినా, వెనక మాట పోయినా అర్థం చెడదని సంస్కృత వ్యాకర్తలు ఎప్పుడో ఒప్పుకున్నారు. అందుకు వాళ్లు చూపే ఉదాహరణల్లో ఒకడు దేవదత్తుడు, ఇంకొకరు సత్యభామ. దేవదత్తుణ్ణి దత్తుడనవచ్చు, సత్యభామను భామ అనవచ్చు. వ్యాకర్త పతంజలి నాటికే ఆవిడ ముద్దుపేరు పండితుల నోళ్లలో నలిగిందన్నమాట.

ఆటో అన్నది గ్రీకు మాట. అర్థం ‘తాను’, ‘స్వయంగా’. మొబైల్ లాటిన్. గ్రీకు తలకు లాటిన్ మొండెం అతికించి ‘తనంతట తాను కదిలేది’ అన్న మాట తయారుచేశారు. మన ఆలంకారికులు సత్యభామను స్వాధీనపతిక అంటారు. మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకున్న నాయిక అని. అందులోని ‘స్వ’ కూడా ఆ గ్రీకు ఆటో చెప్పే మాటే చెబుతుంది. తోస్తే కదిలే రకం కాదు భామ.

ఇంతకీ భామ అంటే ఏమిటి?

ఏ తెలుగువాణ్ణి అడిగినా అందమైన ఆడపిల్ల అంటాడు. సినిమా పాటలు వినీ వినీ మనకు ఆ అర్థమే ఖాయమైంది. ధాతుపాఠం తిరగేస్తే మాత్రం ‘భామ్’ అన్న ధాతువు పక్కన ‘కోపం’ అని కనిపిస్తుంది. శివాలయంలో అభిషేకం జరిగేటప్పుడు నమకం శ్రద్ధగా వినండి. ‘భామితుడవై మావాళ్లను చంపకు తండ్రీ’ అని రుద్రుణ్ణి వేడుకునే చోటొకటి వస్తుంది. భామితుడంటే ఒళ్లు మండినవాడు. రోజూ చెవిన పడుతున్నా మనం పట్టించుకోని మాట అది. భామిని కూడా ఈ ఇంటి పిల్లే. అమరకోశంలో అమరసింహుడు కోపనకూ భామినికీ తేడా లేదని తేల్చేశాడు.

‘భా’ అనే ఇంకో ధాతువు ఉంది. దానికి అర్థం వెలుగు. సత్యభామ పేరుకు నిజమైన కాంతి గలది అని అర్థం చెప్పే మర్యాదస్తులు ఆ ధాతువును పట్టుకుంటారు. వ్యాకరణం దానికీ అడ్డు చెప్పదు. నా ఓటు మాత్రం కోపానికే. పారిజాతం పువ్వు ఒక్కటి సవతి ఇంటికి వెళ్లినందుకు స్వర్గం నుంచి చెట్టునే పెకలించి తెప్పించిన మనిషికి ఉత్త కాంతి అని పేరు పెడితే ఆవిడే ఒప్పుకోదు.

మరో చిత్రం. సంస్కృతంలో ‘భామ’ పుంలింగంలోనూ ఉంది. అప్పుడు దానికి కోపం అనే కాక, అక్కచెల్లెళ్ల మొగుడు అనే అర్థం కూడా ఇచ్చారు నిఘంటుకారులు. మన ‘బావ’ గుర్తొచ్చి చెయ్యి ఊరుకోదు, చుట్టరికం కలిపేద్దామనిపిస్తుంది. ఆగాలి. ముఖం పోలినంత మాత్రాన వియ్యం కుదరదు.

కోపం విషయంలో తెలుగు సంస్కృతం కంటే పొదుపరి, సూక్ష్మగ్రాహి కూడా. కోపం వేరు, అలక వేరు, బెట్టు వేరు. కోపం ఎవరిమీదైనా రావచ్చు. అలక మాత్రం బతిమాలేవాళ్లు ఉన్నారని తెలిసినప్పుడే వస్తుంది. అందుకే పెళ్లిలో దానికో పాన్పు వేసి మరీ కూర్చోబెడతాం. బెట్టు అలా కాదు. ఎవరూ బతిమాలకపోయినా దిగిరాకపోవడం బెట్టు. సత్యభామ కథ కోపంతో మొదలై అలకగా సాగుతుంది. ముక్కు తిమ్మన పారిజాతాపహరణంలో అలక పతాక స్థాయికి చేరి ఎడమకాలు కృష్ణుడి తలకు తగిలింది. తన్ను తిన్నవాడు ఆ పాదం నొచ్చిందేమోనని కంగారుపడ్డాడు. అలకకు ఇంతకు మించిన నిర్వచనం నిఘంటువుల్లో దొరకదు.

ఆటోనగర్ నుంచి బందరు రోడ్డెక్కి, ఉయ్యూరు దాటి, పామర్రు దగ్గర కుడికి తిరిగితే కూచిపూడి. భామ అనే మాటకు ఈ డెల్టాలో పుట్టిల్లు అదే. అక్కడ భామ అంటే మగవాడు. ఊళ్లోని బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని సంప్రదాయం. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషం కట్టి తెర వెనక నుంచి జడ తెరమీదకు విసిరితే జనం ఊపిరి బిగబట్టేవారు. నా అంత భామ ఇంకెవరైనా ఉంటే ఈ జడ కోసెయ్యండి అని అందులో సవాలు. జడ మాటకూ ఒక కథ ఉంది. జటలోని టకారం మెత్తబడి డకారమైంది. కటకం కడియమైనట్టు. మునుల నెత్తిన చిక్కుపడ్డ జుట్టు ఈ ఊళ్లోకి వచ్చేసరికి మూడు పాయల అల్లికై, బంగారు బిళ్లలు తొడుక్కుని, సవాళ్లు విసరడం నేర్చింది.

వేషం ‘కట్టడం’ అన్నాను. ఈ క్రియ మీద కాసేపు ఆగాలి. ఆటోనగర్‌లోనూ అదే మాట. కంపెనీ నుంచి లారీ ఒట్టి చాసిస్‌గా వస్తుంది. ఇంజనూ చక్రాలూ ఉంటాయి గాని ముఖం ఉండదు. ఇక్కడి షెడ్లలో దానికి కర్రా రేకూ వేసి ‘బాడీ కడతారు’. తర్వాత పెయింటరు వచ్చి తామరపూలూ నెమళ్లూ దిద్దుతాడు. చివర దిష్టి తగలకుండా ముందు నల్లటి కుచ్చులు వేలాడదీస్తారు. పాట కట్టడం, గజ్జె కట్టడం, తాళి కట్టడం, వేషం కట్టడం, బాడీ కట్టడం, అన్నిటికీ తెలుగులో ఒకటే క్రియ. లేని రూపాన్ని తెచ్చి నిలబెట్టే ప్రతి పనికీ మనవాళ్లు ‘కట్టు’ అనే అన్నారు.

కూచిపూడి నుంచి భామ వేషం నాటకాల స్టేజీ ఎక్కింది. అక్కడ కట్టినవాడు బాపట్ల మనిషి స్థానం నరసింహారావు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. శ్రీకృష్ణ తులాభారంలో ఆయన సత్యభామను చూసి ఇంటి ఆడవాళ్లు చీరకట్టు నేర్చుకునేవారని చెప్పుకునేవారు. ఇంతదాకా భామ పదం స్త్రీలింగం, భామ వేషం పుంలింగం. ఈ తమాషా 1996లో మళ్లీ ఒకసారి తెరకెక్కింది. కమల్‌హాసన్ ఆడవేషం కట్టిన తమిళ చిత్రం అవ్వై షణ్ముగి తెలుగులోకి వచ్చినప్పుడు పెట్టిన పేరు ‘భామనే సత్యభామనే’.

పదాన్నీ వేషాన్నీ ఒకే లింగంలోకి తెచ్చి నిలబెట్టిన నటి జమున.

ఆమె పేరు కూడా విప్పి చూడదగ్గదే. 1936లో హంపిలో పుట్టినప్పుడు పెట్టిన పేరు జనాబాయి. పండరిపుర భక్తురాలి పేరు. జాతకం ప్రకారం నది పేరు ఉండాలని ఎవరో చెబితే మధ్యలో ‘ము’ చేర్చి జమునను చేశారని అంటారు. యమునలోని యకారం ప్రాకృతంలో జకారమవుతుంది. యాత్ర జాతర, యౌవనం జవ్వనం, యోగి జోగి, యజ్ఞం జన్నం అయినట్టే. యముడు జముడైనది కూడా ఆ దారినే. పురాణం ప్రకారం యమున యముడి చెల్లెలు. జముడి చెల్లెలు జమున. ఆ ఇంటి పిల్లకు కోపం ఎక్కణ్ణించి వచ్చిందని వేరే అడగాలా?

ఇంకో ముడి ఉంది. యమునకే కాళింది అని పేరు. కాళింది కృష్ణుడి అష్టభార్యల్లో ఒకరు. అంటే పేరునుబట్టి మన జమున సత్యభామకు సవతి. సవతి పేరు పెట్టుకుని సత్యభామ కిరీటం పెట్టుకున్న నటి లోకంలో ఇంకొకరు ఉండరు.

తండ్రి వ్యాపారం వల్ల ఆమె పెరిగింది కృష్ణ అవతలి ఒడ్డున, తెనాలి దారిలోని దుగ్గిరాలలో. పసుపు యార్డుకు పేరుపడ్డ ఊరు. తర్వాత సినిమా నటుడైన జగ్గయ్య ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పిన రోజులవి. నాటకాలకు ఆ వైపు వచ్చిన సావిత్రి వాళ్లింట్లో దిగిందనీ చెబుతారు. ప్రజానాట్యమండలి వాళ్ల ‘మా భూమి’లో వేసిన ఈ పిల్లను డాక్టర్ గరికపాటి రాజారావు చూసి, 1953లో ‘పుట్టిల్లు’ చిత్రంతో తెరమీదికి తెచ్చారు. 1955లో ‘మిస్సమ్మ’లో సావిత్రికి చెల్లెలైంది. 1957లో ‘వినాయక చవితి’లో సత్యభామ.

ఆ తర్వాత ఆమె కోపానికి నిజంగానే పరీక్ష వచ్చింది. గర్విష్ఠి అన్నారు, షూటింగుకు ఆలస్యంగా వస్తుందన్నారు. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఆమెతో నటించమని కొన్నేళ్లు పక్కనపెట్టారు. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంటే ఆ ఇద్దరే. వాళ్లు కాదంటే ఇంకెవరైనా బతిమాలుకునేవారు. జమున తల వంచలేదు. దొరికిన హీరోలతో నటిస్తూ పోయింది. ఇది అలక కాదు, బతిమాలేవాళ్లు ఎవరూ లేరు. ముందు చెప్పానే, బెట్టు అంటే అది. చివరికి విజయా సంస్థ నిర్మాత చక్రపాణి కలగజేసుకుని రాజీ కుదిర్చారు. 1962 ‘గుండమ్మ కథ’లో ఆమెకు ఇచ్చిన పాత్ర సరోజ, పొగరుబోతు కూతురు. చక్రపాణి హాస్యప్రియుడని ఊరికే అనలేదు.

1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’. కృష్ణుడు రామారావే. స్థానంవారు స్టేజీమీద పాడి ఊళ్లను ఊపేసిన పాటను ఈసారి సుశీల గొంతుతో జమున అభినయించింది. తల ఒక పక్కకు వంచి, కనుబొమ తాడు లాగినట్టు ఎత్తి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు చూపు దించుతుంది. మగ భామలు పెద్ద స్టేజీకోసం చేతులతో చెప్పవలసి వచ్చినదాన్ని ఆమె క్లోజప్‌లో కనుబొమతో తేల్చేసింది. కాలు కృష్ణుడి తలకు తగిలే ఘట్టమూ ఉంది. కొన్నేళ్లు తనను దూరం పెట్టిన హీరో తల అది. ఆ తన్నులో ఎంత నటనో లెక్క కట్టడం ప్రేక్షకులు ఇప్పటికీ మానలేదు.

ఒక్క భామకే ఆమెను కట్టేస్తే అన్యాయం. 1964 ‘మూగ మనసులు’లో గౌరి పల్లెటూరి పిల్ల. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. అదే పాత్రను హిందీ ‘మిలన్’లో వేసి సహాయనటిగా ఫిలింఫేర్ అందుకుంది. 1972 ‘పండంటి కాపురం’లో రాణీ మాలినీదేవిగా కోపాన్ని జమీందారీ స్థాయికి తీసుకెళ్లింది. 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచింది. నాటకాల మీద బతికే పేద కళాకారుల కోసం తిరిగింది. 2023 జనవరి 27న హైదరాబాద్‌లో కన్నుమూసింది.

ఆమె తర్వాత భామ మళ్లీ పలచబడింది. పోస్టర్ల మీదా పాటల పల్లవుల్లోనూ భామ అంటే నవ్వే పిల్ల, అంతే. కొత్తగా తెలుగు నిఘంటువు కూర్చే పెద్దలకు నా విన్నపం ఒకటే. భామ కింద ‘స్త్రీ’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోకండి. ‘కోపగత్తె’ అన్న అర్థాన్ని మొదట వేయండి. ప్రయోగం కావాలంటే దుగ్గిరాల జమున పేరు రాయండి.