పలక దాచుకున్న ఫోటోగ్రాఫరు



ఫోటోలు తీసి బతకడం అంటే మనకు ముందుగా గుర్తుకొచ్చేవి పెళ్ళి ఫోటోలే. పిలిచినవారి ఇంటికి వెళ్ళడం, తీయడం, డబ్బు పుచ్చుకుని రావడం. ఆ రోజు పనికి ఆ రోజు కూలి. మరి మూఢం వచ్చి ముహూర్తాలు లేనప్పుడు ఆ ఇల్లు గడిచేదెట్లా? ఈ చిక్కుకు వందేళ్ళకు పూర్వమే దారి చూసుకుని, మన దేశంలో ఫోటోగ్రఫీని పెద్ద వ్యాపారంగా నిలబెట్టినవారు ఒకరు మన సికిందరాబాదులోనే వుండేవారు. ఆయనే రాజా దీన్‌దయాళ్.

ఆయన పుట్టుకతో ఈ ప్రాంతంవారు కారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనా అనే వూళ్ళో, జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో మరామత్తు శాఖలో వుద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో కెమెరా పట్టారు. 1882లో లెపెల్ గ్రిఫిన్ అనే ఆంగ్లేయ అధికారి వెంట మధ్యభారతంలో తిరిగి కోటలకూ, గుళ్ళకూ ఫోటోలు తీశారు. పేరు రావడంతో కొన్నాళ్ళకు వుద్యోగం వదిలేశారు. నెల తిరిగేసరికి వచ్చే జీతాన్ని కాదనుకోవడం సామాన్యమైన సంగతి కాదు. ఆ యింటి ఇల్లాలికి ఎంత గుబులుగా వుండివుంటుందో మనం వూహించుకోవచ్చు. 1880ల మధ్యలో ఆయన హైదరాబాదు చేరి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులయ్యారు. సికిందరాబాదులో స్టూడియో పెట్టారు. 1896లో బొంబాయిలో కూడా పెట్టారు.

రాజుగారి ఆదరణ వుంది గనక పైకొచ్చారు అనుకోవచ్చు. అది సగం మాటే. తక్కిన సగం తెలియాలంటే ఆ రోజుల్లో ఫోటో ఎట్లా తయారయ్యేదో కాస్త చెప్పుకోవాలి.

అప్పుడు ఫిల్ము లేదు, గాజుపలక వుండేది. దానిమీద వెండి లవణాల మందు పూత వుంటుంది. మొదట్లో ఆ పూత తడిగా వుండగానే ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అందుకని ఫోటోగ్రాఫరు ఎక్కడికి వెళ్ళినా చీకటిగుడారం మోసుకుపోవలసిందే. 1880 ప్రాంతంలో పొడిపలకలు వాడుకలోకి వచ్చాక ఆ బాధ తప్పింది. ఇక బొమ్మ అచ్చువేసే కాగితం విషయం వింటే మీకు నవ్వొస్తుంది. దానికి పూత కోడిగుడ్డు తెల్లసొన! జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఇటువంటి కాగితం చేసే ఒక కర్మాగారం రోజుకు 60,000 గుడ్లు వాడేదట. తెల్లసొన పూసిన కాగితాన్ని వెండి మందులో తడిపి ఆరబెట్టి, పలక కింద పెట్టి ఎండలో వుంచితే బొమ్మ దిగేది. పలక ఎంత వుంటే బొమ్మా అంతే. అయితే ఒక్క పలక నుంచి వందసార్లయినా బొమ్మ దింపుకోవచ్చు.

కిటుకంతా ఇక్కడే వుంది. దీన్‌దయాళ్‌గారు బొమ్మ అమ్మేవారు గాని, పలక దాచుకునేవారు. దాని అంచున అంకె, స్థలం పేరు, తమ పేరు రాసేవారు. బొమ్మ దింపినప్పుడు ఆ అక్షరాలూ దిగేవి. చార్మినారు కావాలన్నా, గోలకొండ కావాలన్నా, ఎల్లోరా కావాలన్నా అంకె చెబితే చాలు. సీమకు తిరిగిపోయే అధికారులూ, దేశం చూడవచ్చిన యాత్రికులూ కొనుక్కుని ఆల్బములు కట్టించుకునేవారు. ఒకనాటి శ్రమ ఎన్నో యేళ్ళు ఫలమిచ్చేది. మనం ఆవకాయ ఒకసారి పెట్టుకుని యేడాదంతా వడ్డించుకోమూ? అదే పద్ధతి. జాడీ మీద మూత సరిగ్గా లేకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. పలక పగిలినా, అంకె తప్పినా అంతే.

ఆయన మరొక మంచి పని కూడా చేశారు. ఘోషా స్త్రీలు పరాయి పురుషుడి ఎదుట కూర్చుని ఫోటో దిగరు కదా. వారికోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ, మన దేశపు స్త్రీల సహాయంతో ఫోటోలు తీసేది. అంటే ఆనాడే మన నగరంలో ఆడవాళ్ళు ఈ వృత్తిలో వున్నారన్నమాట. ఆవిడ పేరైనా మనదాకా వచ్చింది. చేయి సాయం చేసినవారిని మాత్రం సహాయకులు అన్న ఒక్క మాటతో సరిపెట్టారు.

ఇటువంటి అన్యాయం తరవాతి కాలంలోనూ జరిగింది. నవసారిలో 1913లో పుట్టిన పార్సీ వనిత హోమై వ్యారవాలా బొంబాయిలో చిత్రకళ చదువుకున్నారు. ఒక మహిళా సంఘం వనభోజనాల ఫోటోలు తీస్తే, 1938లో బాంబే క్రానికల్ పత్రిక అచ్చువేసి ఫోటోకు రూపాయి చొప్పున ఇచ్చింది. ఆవిడ ఎవరో జనానికి తెలియదని, తొలిరోజుల్లో ఆవిడ ఫోటోలు భర్త మానెక్‌షా పేరుతో వచ్చేవి. 1942లో ఢిల్లీ వెళ్ళి, స్వాతంత్ర్యం వచ్చిన ఘడియలనూ, గాంధీజీ అంత్యక్రియలనూ కెమెరాలో పట్టారు. 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. కాని దాచిన ఫోటోలు ఆవిడ తరపున మాట్లాడాయి. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మరుసటి యేడాదే కన్నుమూశారు.

దీన్‌దయాళ్‌గారు 1905లో పోయారు. ఆనాటి దర్బారులూ లేవు, ఆ వేటలూ లేవు. కాని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజుపలకలు 2,857 సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలాశాఖ ఆయన పేర స్టాంపు వేసింది. ఈనాడు కంప్యూటరు ద్వారా ఒకే ఫోటోను పదిమందికి అమ్ముకునేవారు చేసేదీ ఆయన చేసినదే. బొమ్మ మీద హక్కు వుంచుకోవాలి, అది ఎక్కడిదో ఏమిటో రాయాలి, అడిగిన వెంటనే తీసి ఇవ్వగలగాలి. మీ పిల్లల్లో ఎవరైనా కెమెరా పట్టుకుని తిరుగుతుంటే ఈ మూడు మాటలూ చెప్పండి. ఆడపిల్ల అయితే నాలుగోది కూడా చెప్పండి: బొమ్మ కింద నీ పేరే వేయించుకో అమ్మా, అని.

మన బీరువాల్లోనూ పాత ఫోటోలుంటాయి. అందులో వున్న అమ్మమ్మ ఎవరో చెప్పగలిగేవారు వుండగానే, ఒక మధ్యాహ్నం వాళ్ళ పక్కన కూర్చోండి. వెనకవైపు మెత్తని పెన్సిలుతో పేరూ, వూరూ, సంవత్సరమూ రాసిపెట్టండి. గట్టిగా నొక్కితే ముందువైపు గీత పడుతుంది, చూసుకోండి.