చెల్లని పెళ్లిని చెల్లదనేదెవరు?

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో బాల్యవివాహాన్ని అధికారులు ఆపారన్న వార్త ఇవాళ్టికీ వస్తూనే ఉంటుంది. ఆగకుండా జరిగిపోయిన పెళ్లి సంగతేమిటి?

1955 హిందూ వివాహ చట్టం మొదట్లో వధువుకు 15, వరుడికి 18 ఏళ్లు నిండాలంది. నిండకుండా చేస్తే అప్పట్లో 15 రోజుల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉండేవి. కానీ ఏ పెళ్లిళ్లు చెల్లవో చెప్పే సెక్షన్లలో వయసు ఊసే లేదు. పెద్దలకు శిక్ష పడ్డా పుస్తె తెగదన్నమాట!

ఈ చిక్కుముడి 1970లలో మన హైకోర్టుకెక్కింది. అలాంటి పెళ్లి మొదటినుంచీ చెల్లదని ఒక బెంచి తేల్చింది. తర్వాత రెండో పెళ్లి చేసుకున్న ఒకాయనపై కేసు వచ్చింది. తన మొదటి పెళ్లి చిన్నతనంలో జరిగింది కనుక అది పెళ్లే కాదని ఆయన వాదన. పిల్లల్ని కాపాడాల్సిన నియమం మొగుడికి తప్పించుకునే దారైంది! ఫుల్ బెంచి ఒప్పుకోలేదు. పాత తీర్పును తోసిపుచ్చి, వయసు చాలనంత మాత్రాన పెళ్లి రద్దు కాదంది. అప్పటికి ఆ తీర్పే న్యాయమని నా అభిప్రాయం. లేకుంటే కాపురాలు చేస్తున్న ఎందరో ఆడవాళ్లు రాత్రికి రాత్రే ఎవరికీ ఏమీ కాకుండా పోయేవారు.

మతం మారినవాళ్ల చిక్కు ఇంకా పాతది. ఈ ప్రాంతపు తొలితరం క్రైస్తవులైన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నది 1866లో. క్రైస్తవంలోకి వెళ్లారని భర్తో భార్యో కాపురానికి రానంటే ఆ పెళ్లిని రద్దు చేసే చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఆ చట్టం కింద జడ్జి వెంటనే తెంచేసేవాడు కాదు. మనసు మారుతుందేమోనని ఏడాది గడువిచ్చేవాడు. కాథలిక్కులకైతే చర్చి న్యాయస్థానం వేరే ఉంది. అయితే అది పెళ్లిని రద్దు చేసినా, కోర్టు డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లాడితే చట్టం ముందు అది చెల్లదని 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చిన్నప్పుడే పెళ్లైనవాళ్ల చేతికి అసలు తాళంచెవి 2006 బాల్యవివాహ నిషేధ చట్టంతో వచ్చింది. మేజరైన రెండేళ్లలోపు జిల్లా కోర్టులో పిటిషన్ వేస్తే పెళ్లి రద్దవుతుంది. అప్పటికే పిల్లలుంటే వాళ్ల హక్కులకు ఢోకా లేదు. అమ్మాయి మళ్లీ పెళ్లి చేసుకునేదాకా భరణం ఇమ్మని భర్తనో, అతను మైనరైతే అతని తల్లిదండ్రులనో కోర్టు ఆదేశించవచ్చు. అమ్మాయికి ఇరవై నిండితే మాత్రం ఆ గడువు ముగిసినట్టే. ఇక మిగిలేది విడాకుల దావా.